ఇరుసు కింది నీడ

పొద్దున ఏడింటికి కుట్టుమిషను తొక్కుతున్న సుష్మ రెండుసార్లు కాలు ఆపి కిందికి వంగి చూసింది. ఆ గరగర మిషనులో నూనె అయిపోయిన చప్పుడు కాదు. కింద పడుకున్న నవాబు గురక.

నవాబు పగ్ జాతి కుక్క. ముఖం గోడకు కొట్టుకుని చదునైనట్టుంటుంది. ముక్కు ఉండాల్సిన చోట ఎవరో నల్ల గుండీ ఒకటి కుట్టి ఊరుకున్నారు. నుదుటి మీద మాత్రం నాలుగూళ్ల తగాదాలు తీర్చిన పెద్దమనిషికున్నన్ని ముడతలు. ఇక కళ్లంటారా, వెనక నుంచి ఎవరైనా గట్టిగా పిలిస్తే ఊడి కింద పడతాయేమో అన్నట్టుంటాయి. సుష్మ కొడుకు, నాలుగేళ్ల సంగమేశ్ వాటిని గోలీలనుకుని ఇప్పటికి రెండుసార్లు వేలు పెట్టబోయాడు.

సుష్మ మొగుడు నాగరాజ్ పనిచేసే ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో సాల్మన్ అని ఒకాయన ఉన్నాడు. ఆయనకు పూనాకు బదిలీ అయింది. ఎనిమిది రోజులు ఉంచుకుని చూడండి, పిల్లలతో కలిస్తే మీదే, లేకపోతే ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపోతానని చెప్పి కుక్కను వదిలిపోయాడు. ఇవాళ శనివారం. ఇంట్లో ఇంకా ఏదీ తేలలేదు.

తొమ్మిదేళ్ల కూతురు ప్రియాంకకు అన్నం సయించాలన్నా నవాబు పక్కన ఉండాల్సిందే. పిల్లలకు దోస్తు దొరికాడని నాగరాజ్ మురుస్తున్నాడు. సుష్మ మాత్రం ఒక్కటే మాట మీద ఉంది.

"మురిసేటోళ్లు నలుగురు, దాని మొఖం ముడతలు తుడిచేటిది నేనొక్కదాన్ని."

ఇక మామ వీరప్ప. రెండేళ్ల కింద న్యాల్‌కల్ దగ్గరి చేను కౌలుకిచ్చి, జహీరాబాద్‌లో కొడుకు దగ్గరికి వచ్చేసిన మనిషి. కుక్క వచ్చిన మొదటి రోజు అందరికంటే ముందు ఉంచుకుందామన్నది ఆయనే. ఆ సంబరంలో బొగ్గు అనే తన పాతకాలపు కుక్క కథ ఎత్తుకున్నాడు. అల్లం బస్తాల బండి కింద, ఇరుసు నీడలో నడుస్తూ బొగ్గు జహీరాబాద్ సంత దాకా వచ్చిందట. దారిలో బస్సును దాటేసిందట, కండక్టరు దిగి దండం పెట్టాడట, సంతలో మిఠాయి దుకాణమాయన పావుసేరు జిలేబీ పెట్టాడట. చెప్పిన ప్రతిసారీ దారి రెండు కిలోమీటర్లు పెరిగేది, జిలేబీ అర్ధసేరయ్యేది. నీడ దాని వెంటే వచ్చేది కాబట్టి దానికి అలుపే రాలేదని ముక్తాయించేవాడు. ప్రియాంక నోరు తెరుచుకుని వినేది.

కానీ రెండో రోజు నుంచి ముసలాయనకు ఒకచోట కాలు నిలవడం లేదు. నవాబు నాలుక బయటపెట్టి వగర్చడం మొదలుపెడితే చాలు, కూర్చున్నవాడు లేచేవాడు. గేటు దాకా పోయేవాడు, తిరిగొచ్చేవాడు, ఏమీ తోచక మళ్లీ పోయేవాడు. ఏమైందని కోడలు అడిగితే ఉక్కపోత అనేవాడు.

ఆ శనివారమూ అంతే. ఏప్రిల్ ఎండ. ఒంటిపూట బడి నుంచి ప్రియాంక వచ్చింది. కుట్టిన జాకెట్లు ఇచ్చొస్తా, పిల్లలను, కుక్కను చూస్తుండమని మామకు చెప్పి సుష్మ బయటికి పోయింది. సంగమేశ్ నిద్రపోయాడు. నవాబు చాప మీద వగరుస్తోంది. ఆ చప్పుడు వీరప్ప చెవిలో రంపంలా ఆడింది. జర తమ్ముడిని చూస్తుండు బిడ్డా అని మనవరాలికి చెప్పి, చాయ్ హోటల్‌కు బయలుదేరాడు. అక్కడ ఎవరో కదిలిస్తే బొగ్గు కథే మొదలుపెట్టాడు. కథలో బస్సును దాటే చోటికి వచ్చి ఆపేసి, చాయ్ సగంలోనే వదిలేసి లేచాడు.

వీధి మలుపు తిరిగేసరికి, దూరంగా చెరుకు తోటల వైపు పోయే బాట మీద తెల్లగా ఏదో కనిపించింది. దగ్గరికి పోతే అది తన ధోతి. ప్రియాంక సైకిలు క్యారియరుకు రెండు కర్రలు నిలబెట్టి, వాటి మీద ఆ ధోతిని పందిరిలా కట్టింది. పందిరి కింద తాడు. తాడు చివర నవాబు పక్కకు ఒరిగి ఉంది. నాలుక నీలంగా తిరిగింది.

"నీడ పట్టిన గదా తాతా. ఎందుకు పడ్డది?" అంది ప్రియాంక.

వీరప్ప కుక్కను ఎత్తి రొమ్ముకు హత్తుకుని రోడ్డు దాకా ఉరికాడు, వెనకే ప్రియాంక. చెయ్యెత్తితే ఆగిన ఆటోలో సుష్మే ఉంది, జాకెట్లు ఇచ్చి ఇంటికి వస్తూ. ఆమె పక్కింటి శివమ్మకు ఫోన్ చేసి, పిల్లవాడి దగ్గర కూర్చోమంది. సీసాలో నీళ్లన్నీ కుక్క ఒంటి మీద పోసింది. ఆటో పశువుల దవాఖాన వైపు మళ్లింది.

అక్కడి డాక్టరమ్మ దాన్ని తడిపి, ఫ్యాను కింద పెట్టి, సెలైన్ ఎక్కించింది. గంటన్నరకు నవాబు కళ్లు తెరిచి చూసింది. ఈ జాతికి ముక్కు లోపలి దారి ఇరుకని, కుక్క ఒంట్లో వేడి వగరుపుతోనే పోవాలి కాబట్టి ఇది ఎండకు తట్టుకోలేదని ఆమె విడమరిచి చెప్పింది. మెడకు తాడు కట్టొద్దంది, పరుగెత్తించొద్దంది, పిల్లల చేతులు ఆ కళ్ల దగ్గరికి పోకుండా చూసుకోమంది. "మెత్తటి జీవం, పిల్లలను ఏమనదు. పిల్లలే జర దీనికి తగ్గట్టు మెసలాలె," అంది.

సాయంత్రం నాగరాజ్ డ్యూటీ దిగి వచ్చి సంగతి విని కూతురి మీదికి లేచాడు. సుష్మ అడ్డం వచ్చింది. దాన్నెందుకు అంటవు, పెద్దమనిషి ఉండి ఎక్కడికి పోయిండో అడుగు అంది. రేపటిదాకా ఆగుడెందుకు, ఇప్పుడే సాల్మన్‌కు ఫోన్ చేయమంది. తన ఫోన్ తీసి ముందుకు చాపింది. నాగరాజ్ తండ్రి వైపు చూసి, "అప్పా, ఏందిది?" అన్నాడు.

ప్రియాంక ఏడుస్తూనే తాతను వెనకేసుకొచ్చింది. "తాత తప్పు లేదు. బొగ్గు గంత దూరం వచ్చింది గదా. నేను పట్టిన నీడనే చిన్నగున్నదేమో."

వీరప్ప గోడకు చేరగిలబడ్డాడు. నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట అప్పుడు ఆయన నోట వచ్చింది.

"రాలే బిడ్డా," అన్నాడు. "బొగ్గు సంతకు రాలే."

ఆయన మనవరాలినే చూస్తూ చెప్పుకుపోయాడు.

"ఎండ ఎక్కకముందే సంతకు చేరాలని ఎద్దులను తరుముకుంట వస్తున్న. నీడున్నది గదా, అదే వస్తదనుకున్న. సగం దారిల వెనక్కి తిరిగి చూస్తే బాట మీద పండుకొని ఉన్నది. నన్ను చూసి తోక ఆడిచ్చింది. వాపసు వచ్చేటప్పుడు ఎక్కించుకుంటనని బండి ఆపలే." ఆయన గొంతు సవరించుకున్నాడు. "వాపసు వచ్చేటాళ్లకు తోక ఆడియ్యలే."

"మరి జిలేబీ?" అంది ప్రియాంక.

"జిలేబీ నేను తిన్న."

ఆయన ముఖం దాచుకోలేదు. కన్నీళ్లు మీసాల్లోకి జారుతుంటే అలాగే కూర్చున్నాడు. సుష్మ చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయింది. ఆ పూట మళ్లీ ఎవరూ కుక్క మాట ఎత్తలేదు.

ఆదివారం తెల్లవారింది. సాల్మన్ పదింటికి వస్తానన్నాడు. వీరప్ప గేటుకూ అరుగుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. నవాబు నీరసంగా, కానీ నిమ్మళంగా ప్రియాంక ఒడిలో పడుకుని ఉంది. సంగమేశ్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దాన్ని చూస్తున్నాడు.

"తాతా, బొగ్గు కథ చెప్పు," అంది ప్రియాంక. ఆయన ఆగిపోయాడు. "ఈసారి బండి ఆపినట్టు చెప్పు."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. బస్సులను ఓడించిన నోరు, కండక్టర్ల చేత దండాలు పెట్టించిన నోరు, ఆ రెండు మాటలకు తడబడింది.

"సగం దారిల... వెనక్కి చూసిన. పండుకొని ఉన్నది. బండి..." ఆయన నవాబు వీపు నిమిరాడు. "బండి ఆపిన. దిగిన. ఎత్తి అల్లం బస్తాల మీద పండబెట్టిన. కుండల నీళ్లు తాపిన."

"సంత?"

"సంత పోతే పోనీ అన్న."

లోపల మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. సుష్మ నిన్నటి ధోతిని బకెట్లో ముంచి, పిండి, మిషను పక్కన కిటికీకి అడ్డంగా కట్టింది. వేడిగాలి దానిలోంచి చల్లబడి లోపలికి వచ్చింది. ఆమె బయటికి వచ్చి ప్రియాంక ఒళ్లోంచి నవాబును ఎత్తుకుంది.

గేటు దగ్గర సాల్మన్ స్కూటర్ ఆగింది. వీరప్ప లేచి నిలబడి కోడలి ముఖంలోకి చూశాడు.

"ఆయనకు చాయ్ తాగిపొమ్మని చెప్పున్రి మామా," అంది సుష్మ. "బండెక్కించుకున్నదాన్ని మళ్ల దింపుతమా?"

కుక్కను లోపలికి తీసుకుపోయి, ఆ తడి ధోతి కింద పడుకోబెట్టింది. కొంచెం సేపటికి గురక వినిపించింది. సాల్మన్‌ను సాగనంపి వీరప్ప వచ్చి దాని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఆ పొద్దు మళ్లీ గేటు దాకా పోలేదు.