సైకస్ పిల్లకి చేపనీళ్ళు

"అమ్మా, ఆ నీల్లు పారబొయ్యకు!"

మహేశ్వరి అరుపుకి అమ్మ చేతిలో గిన్నె జారబోయింది. అమ్మ మధ్యాహ్నం పులుసుకి ఎండుచేపలు కడుగుతోంది. సముద్రంలో వేట నిషేధం రోజులు. జాలరిపేటలో పడవలన్నీ ఒడ్డెక్కాయి. పచ్చిచేప దొరకడమే కష్టం.

"ఏటే గుంటా, అదిరిపోనాను! ఈ నీల్లు నీకెందుకు?"

"నా మొక్కకి!"

పచ్చిచేపలు కడిగిన నీళ్ళని ఆ పేటలో ఎవరూ పారబోయరు. కరివేపాకుకి పోస్తారు, మునగకి పోస్తారు. అవి ఏపుగా పెరుగుతాయి. మరి సైకస్ మాత్రం ఏం పాపం చేసింది?

ఆ సైకస్ కథ చెప్పాలి. మహేశ్వరి నాయనమ్మ సూర్యకాంతమ్మ పోర్టు క్వార్టర్స్‌లో చేపలు అమ్ముతుంది. అక్కడ భ్రమరాంబ మామ్మగారి వాకిట్లో ఓ సైకస్ ఉంది. పొట్టి మాను, పైన గొడుగులా ఆకులు. నాయనమ్మతో వెళ్ళినప్పుడల్లా మహేశ్వరి దాని ముందే నిలబడిపోయేది. ఇప్పుడు మామ్మగారి భర్త రిటైరయ్యారు. ఇద్దరూ సొంతూరు కడియం వెళ్ళిపోతున్నారు.

ఆ మొక్క మొదట్లో ఉల్లిగడ్డంత పిల్ల ఒకటి పుట్టింది. మామ్మగారు దాన్ని కత్తితో విడదీశారు. ఆకులు కోసేసి, నీడలో ఆరబెట్టి, ఇసుక కలిపిన కుండీలో నాటి మహేశ్వరి చేతికిచ్చారు.

"ఇన్నేళ్ళకి ఇదొక్కటే పిల్ల పెట్టిందమ్మా. నీకే ఇస్తున్నాను. వేర్లు రావడానికి నెలలు పడుతుంది. మట్టి బాగా ఎండితేనే కాసిని నీళ్ళు పొయ్యి. మరీ ముద్దు చెయ్యకు."

మహేశ్వరి బుద్ధిగా తలూపింది. తలూపడానికేం, మనందరం ఊపుతాం!

ఇంటికి తేగానే పక్కింటి నాగబాబు పడీ పడీ నవ్వాడు. "ఏటే, కుండీలో కందదుంప పాతావా?"

అదీ అసలు బాధ. ఒక్క ఆకైనా వస్తే వాడి నోరు మూతపడుతుంది. అందుకే రోజూ చేపనీళ్ళు పోసింది. ఆకు రాలేదు. పిల్లులు మాత్రం వచ్చాయి.

ఓ పొద్దున చూస్తే కుండీ పక్కకి ఒరిగి ఉంది. సైకస్ పిల్ల బయట దొర్లుతోంది. తీసి చూస్తే అడుగంతా మెత్తగా, నల్లగా కుళ్ళిపోయింది.

"ఓలమ్మో!" మహేశ్వరికి ఏడుపొచ్చేసింది.

"ఊరుకోయే. పైకి బాగానే ఉంది కదా, తిరిగి పాతియ్," అన్నాడు నాగబాబు. "మామ్మగారు ఎలాగూ ఊరెల్లిపోతారు. ఆవిడకేటి తెలుత్తాది?"

నిజమే. పాతేస్తే పైకి ఏమీ తెలియలేదు. కానీ ఆ పూట మహేశ్వరికి అన్నం సయించలేదు. ఉన్న ఒక్క పిల్లనీ నమ్మి తనకిచ్చారే! ఆవిడ అడిగితే ఏం చెప్పాలి?

చివరికి పిల్లని బయటికి తీసి తువ్వాల్లో చుట్టింది. నాయనమ్మ చెయ్యి పట్టుకుని క్వార్టర్స్‌కి వెళ్ళింది. మామ్మగారు సామాన్లు సర్దుతున్నారు.

"మామ్మగారూ, నానే పాడుసేసానండి. రోజూ సేపనీల్లు పోసాను. ఎండుసేపలవి."

"ఎండుచేపలవా? అందులో ఎంత ఉప్పుంటుందే తల్లీ!" మామ్మగారికి నిజంగానే కోపం వచ్చింది. "అసలే వేర్లు లేవు దానికి. పళ్ళు రాని పిల్లకి పకోడీలు పెట్టినట్టుంది నీ ప్రేమ!"

నాయనమ్మ ఫక్కున నవ్వింది. మహేశ్వరి మాత్రం తల ఎత్తలేదు.

మామ్మగారు కత్తి తెచ్చారు. కుళ్ళినదంతా చెక్కేశారు. తెల్లగా గట్టి భాగం కనిపించేదాకా చెక్కి, బూడిద అద్దారు. పాపం, పిల్ల సగమైపోయింది.

"బతుకుతాదాండీ?"

"చెప్పలేనమ్మా. నువ్వు తీసుకొచ్చావు కాబట్టి ఈ మాత్రమైనా మిగిలింది."

మళ్ళీ నీడలో ఆరబెట్టారు. మళ్ళీ ఇసుకలో నాటారు. మామ్మగారు ఊరెళ్ళిపోయారు. వానలొచ్చాయి, బడులు తెరిచారు. మహేశ్వరి కుండీని చూరు కిందకి జరిపింది. రోజూ వేలు గుచ్చి చూసేది. తడి ఉంటే ఊరుకునేది. ఊరుకోవడం ఎంత కష్టమో!

"అసలు బతికుందో నేదో, తవ్వి సూద్దామా?" అన్నాడు నాగబాబు.

"సెయ్యెట్టావంటే సూడు!"

మామ్మగారు ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంకా ఏటీ రానేదండి," అని ఉన్నమాట చెప్పేది.

కొన్ని నెలలకి ఓ సాయంత్రం మాత్రం తనే వీడియో కాల్ చేసింది. సైకస్ పిల్ల నడినెత్తిన లేతాకుపచ్చ ఆకు ఒకటి చుట్ట విప్పుకుంటోంది.

"వచ్చేసిందే!" అవతల మామ్మగారు చిన్నపిల్లలా కేక పెట్టారు. "ఎంత మెత్తగా ఉంటుందో! ఒక్కసారి వేలితో అలా నిమురు, నేను చూస్తాను."

మహేశ్వరి రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"వద్దండి మామ్మగారూ. ముదిరేదాకా మీరూ నానూ దూరం నుంచే సూద్దాం!"