రేపటి రిపోర్టు

"ఈ మిషన్ నువ్వు పూర్తిచేసేశావు. ఇక వెళ్లి మొదలుపెట్టు," అన్నాడు చీఫ్, ఒక కాగితం ఏజెంట్ ముందుకు తోస్తూ.

అది రేపటి నుంచి వచ్చిన రిపోర్టు. మనుషులు కాలం దాటడానికి బేస్‌మెంట్‌లో టైమ్ గేట్ ఉంది. కాగితాలు దాటడానికి చీఫ్ గదిలో ఒక ట్రే ఉంది. చేతిరాత ఏజెంట్‌దే, సంతకమూ అతనిదే. 'గేట్ రెండో తాళంచెవి మన డబుల్ ఏజెంట్‌కి ఇచ్చాను. ఆమె విదేశీ ముఠాను పట్టించింది. మిషన్ సక్సెస్.' తేదీ రేపటిది. సమయం ఉదయం తొమ్మిది.

"ఏదో తేడా కొడుతోంది సార్."

"నీ రాత మీద నీకే అనుమానమా?"

అనుమానమే. ముఠా పన్నెండేళ్ల వెనక్కి వెళ్లి ఓ యుద్ధం ఫలితాన్ని తారుమారు చేయాలని చూస్తోంది. అదే జరిగితే ఇప్పటి కాలం తుడిచిపెట్టుకుపోతుంది. అతని కూతురికి తొమ్మిదేళ్లు. ఆ కొత్త కాలంలో ఆ పిల్ల పుట్టనే పుట్టదు.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో బేస్‌మెంట్‌లోకి దిగాడు. గేట్ ముందు ఆకుపచ్చ కోటులో ఆమె నిలబడి ఉంది. అందగత్తె. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

"లిఫ్ట్ ఎప్పుడు ఆగింది?" కోడ్ అడిగింది.

"నిన్న కాదు, రేపు."

అతనిచ్చిన తాళంచెవి అందుకుని, తన దగ్గరున్న మొదటి దానితో పాటు గేట్‌లో పెట్టి తిప్పింది. కౌంట్‌డౌన్ ఇరవై నుంచి మొదలైంది.

"ముఠా రాకముందే తెరుస్తున్నారేం?"

"ఎర వెయ్యాలి కదా. అయినా మీ రిపోర్టు రేపు పొద్దున తొమ్మిదికల్లా ఇచ్చేశారుగా. భలే చురుకు మీరు."

ఆ సమయం చీఫ్‌కూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. పదిహేనేళ్ల సర్వీసులో నెల తిరక్కముందు అతను ఏ రిపోర్టూ ఇచ్చిన పాపాన పోలేదు. అంటే ఆ దొంగ కాగితం రాసి ట్రేలో పెట్టింది ముఠాకి అమ్ముడుపోయిన ఈవిడే.

"రాత నాదిలాగే ఉంది. తొందర మాత్రం నాది కాదు," అన్నాడు.

ఆమె చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. దాని కొసన తుపాకీ గొట్టం ఉంది. మూడు. అతను టూల్‌బ్యాగ్ ఆమె మీదకు విసిరాడు. గుండు గోడలో దిగింది. రెండు. ఒక్క గెంతులో మెయిన్ ఫ్యూజ్ పీకేశాడు. అంకె ఒకటి దగ్గర ఆగి ఆరిపోయింది.

గార్డులు ఆమెకు బేడీలు వేశారు. చీఫ్ రొప్పుతూ వచ్చాడు.

"కాలం ఏమీ మారలేదని గ్యారంటీ ఏంటి?"

అతను ఇంటికి ఫోన్ చేశాడు. ఆరుసార్లు మోగింది. ఏడోసారికి భార్య ఎత్తింది.

"ఎక్కడున్నారు? పిల్లను స్కూల్ నుంచి తీసుకురమ్మన్నానా? గంట నుంచి అది అక్కడే ఏడుస్తూ కూర్చుందట. ఇంత కూడా చేతకాదా మీకు?"

అతను కళ్లు తుడుచుకుని ఫోన్ పెట్టేశాడు.

"కాలం పక్కాగా ఉంది సార్. తిట్లు ఎప్పట్లాగే పడుతున్నాయి."