వెనక శబ్దాలు ఆపే బటన్

వీధిలో అందరికీ ఆయన వాచీ మావయ్య. ముందుగదిలో గడియారాల రిపేరు దుకాణం, వెనకగదిలో మంచం, పొయ్యి. పెళ్ళి ఊసెత్తితే, "నాకే చోటు చాలట్లేదు, ఇంకొకరు కూడానా" అని నవ్వేసి అరవై ఏడేళ్ళు గడిపేసిన మనిషి. నాలుగేళ్ళ కిందట చెవులు మొరాయిస్తే మేనకోడలు చెవి మిషన్లు కొనిపెట్టి, వాటి యాప్ ఫోనులో ఎక్కించింది. అందులో ఆయనకు ప్రాణమైన బటన్ ఒకటుంది. అది నొక్కితే వెనకనుంచి వచ్చే శబ్దాలన్నీ ఆగిపోయి, కళ్ళెదుటి గడియారం టిక్కుటిక్కులు మాత్రమే వినిపించేవి. చేతిపనికి అదే ఆధారం. కొన్న రోజున నొక్కింది మళ్ళీ తియ్యలేదు.

మంగళవారం పొద్దున యాప్ తనంతట తానే కొత్తదైపోయింది. రంగులు మారాయి, అక్షరాలు పెద్దవయ్యాయి. ఆ బటన్ లేదు.

మేనకోడలికి ఫోన్ చేసి చెప్పాడు. మధ్యాహ్నానికి ఆమే తిరిగి చేసింది.

"కంపెనీ వాళ్ళకి రాశాను మావయ్యా. తీసేశాం అన్నారు, అంతే."

"బాగుచెయ్యడమంటే ఉన్నది ఊడబీకడమా? ఎందుకట?"

"చెప్పలేదు. మళ్ళీ అడిగితే జవాబే లేదు."

"చెవుడు నాకా, వాళ్ళకా?"

ఆమె నవ్వి, పనుందని పెట్టేసింది. ఆయనకు ఇంకాసేపు మాట్లాడాలని ఉంది.

బల్ల దగ్గర కూర్చున్నాడు. వెనక ఒకటే సందడి. ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. ఫ్రిజ్ మూలుగు. కుళాయి బొట్టు. గాలికి కొట్టుకునే కిటికీ రెక్క. ఇన్నాళ్ళూ తన ఇల్లు ఇంత వాగుతోందా అని నవ్వొచ్చింది కూడా. పోల్చుకోలేనిది ఒక్కటి మిగిలింది.

ఊపిరి.

తడిగా, నిదానంగా... తన ఊపిరి బిగబట్టి చూశాడు. అది ఆగలేదు.

తిరిగి చూశాడు. మంచం, పొయ్యి, నేల మీద మధ్యాహ్నపు ఎండ. ఎవరూ లేరు. ఊపిరి ఇప్పుడు దుకాణం వైపునుంచి వస్తోంది. అటు తిరిగాడు. మళ్ళీ వెనకే... ఎటు తిరిగినా వెనకే.

మిషన్లు పీకేద్దామని చెయ్యి చెవిదాకా వెళ్ళింది. పీకేస్తే బొత్తిగా ఏమీ వినపడదు. అదెంత దగ్గరికొచ్చిందో కూడా తెలీదు. చెయ్యి దించేశాడు.

తిండి సయించకపోయినా వేళకు తినడం అలవాటు. నాలుగు ముద్దలు మింగి, కంచం కడుక్కుని నిలబడ్డాడు.

"తిన్నావా?"

గుసగుస. సరిగ్గా ఎడమ చెవి వెనక. అమ్మ గొంతు కాదు. అక్క గొంతూ కాదు. ఆడో మగో తెలియలేదు. రోజూ అడిగి అడిగి అరిగిపోయిన గొంతు.

భయమేసింది. కానీ ఆ మాట తనని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయింది! దుకాణానికి ఎంతమంది వస్తారు... అందరూ గడియారం బాగుపడిందా అని అడిగేవాళ్ళే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళుగా ఇది రోజూ అడుగుతూనే ఉందేమో, బటన్ నొక్కి తనే దాని నోరు మూశాడేమో అనిపించి, భయంలోనూ సిగ్గేసింది.

"తిన్నాను," అన్నాడు మెల్లగా.

ఎవరు అడిగినా ఆ వెంటనే మనం తిరిగి అడిగే మాట ఒకటుంటుంది. అది నోట్లోంచి దానంతటదే జారిపోయింది.

"నువ్వు తిన్నావా?"

ఊపిరి ఆగింది. ఫ్రిజ్... కుళాయి... కిటికీ... అన్నీ ఆగాయి.

"ఇంకా లేదు."

మెడకు వెచ్చగా తగిలింది ఆ మాట.

"నువ్వు అడిగేదాకా ఆగాను."

వెనక నేల మీద కంచం పెట్టిన చప్పుడైంది. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కంచం. అది ఇంకా ఆయన చేతిలోనే ఉంది.