తడవని కేబుల్

రేడియో మోడెమ్ మాయమైంది.

జలాశయం గట్టు మీద ఇనుప స్తంభం. దానికి బిగించిన పెట్టెలో రెండు పరికరాలుండాలి. నీటిమట్టాన్ని నమోదు చేసే డేటా లాగర్ ఒకటి. ఆ అంకెల్ని కంట్రోల్ రూమ్‌కి పంపే మోడెమ్ రెండోది. లాగర్ ఉంది. మోడెమ్ లేదు. ఉదయం 6:10 తర్వాత ఒక్క అంకె కూడా చేరలేదు.

తాళం పగలలేదు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంది. కొత్తగా సూపర్‌వైజర్ అయిన టెక్నీషియన్. సాయంత్రంలోగా వస్తువు దొరక్కపోతే ఉద్యోగం ఊడుతుంది, చేతికి బేడీలు పడతాయి.

ఇన్‌స్పెక్టర్ వానలో తడుస్తూ పెట్టెలోకి చూశాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. యాంటెన్నా నుంచి దిగిన కేబుల్ వేలాడుతోంది. దాని కొసకి నల్ల టేపు చుట్టి ఉంది. దాన్ని వేలితో తడిమి, వర్క్‌షాప్‌కి నడిచాడు.

అక్కడ సూపర్‌వైజర్, అతని తోడల్లుడు ఉన్నారు. ఈ తోడల్లుడు అత్తగారింటికి పెద్దల్లుడు, ఇక్కడ సీనియర్ టెక్నీషియన్. చిన్నల్లుడైన సూపర్‌వైజర్‌కి పనిలో ఓనమాలు దిద్దించింది అతనే. పదవి మాత్రం చిన్నల్లుడికి దక్కింది.

"పొద్దున ఆరింటికి ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే సార్, నిద్రలో." అన్నాడు సూపర్‌వైజర్.

"మీరు?"

"నేనూ అంతే," అన్నాడు పెద్దల్లుడు.

"ఎవరి మీదైనా అనుమానమా?"

"తాళంచెవి ఉన్నవాణ్ణి అడగండి సార్. మా అత్తగారికి చిన్నల్లుడు తుమ్మినా గొప్పే. అందరూ కలిసి అందలం ఎక్కించారు, అనుభవించనీండి."

కడుపుమంట దాచుకోవడం అతనికి చేతకాలేదు.

ఇన్‌స్పెక్టర్ ఒక కేబుల్ ముక్కా, టేపూ సూపర్‌వైజర్ చేతికిచ్చాడు. "వానకి తడవకుండా దీని కొస చుట్టండి."

అతను కేబుల్‌ని నిలువుగా పట్టుకుని పైనుంచి కిందికి గబగబా చుట్టేశాడు.

పెద్దల్లుడికి ఉండబట్టలేదు. "ఇదేనా నేను నేర్పింది? కిందనుంచి పైకి చుట్టాలిరా! పొర మీద పొర పెంకుల్లా పడితేనే నీళ్ళు జారతాయి. వీడా సార్ సూపర్‌వైజరు!"

లాక్కుని తానే చుట్టాడు. మళ్ళీ ఊడదీయడానికి వీలుగా టేపు చివర చిన్న మడత పెట్టాడు.

"ఆ మడత ఇక్కడ ఇంకెవరైనా పెడతారా?"

"ఇంకెవరికి చేతనవుతుంది సార్?"

"గట్టు మీద కేబుల్‌కీ అదే మడత ఉంది. మామూలు దొంగైతే కేబుల్ కోసేసి పోతాడు. ఈ దొంగ అది తడిస్తే పాడవుతుందని కిందనుంచి పైకి చుట్టి మరీ పోయాడు. మోడెమ్ ఎక్కడ?"

పెద్దల్లుడు చేతిలోని టేపు బల్ల మీద పెట్టాడు.

"నా స్కూటర్ డిక్కీలో. పోయిన వారం అత్తగారింట్లో భోజనాలు. వీడు తాళంచెవి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. సబ్బు మీద అచ్చు తీసి మారుతాళంచెవి చేయించాను. ఆవిడ నన్ను చూడనైనా లేదు, ముందు వాడికే వడ్డించింది."

"వస్తువు దొరికిందిగా సార్, అన్నయ్యని వదిలేయండి," అన్నాడు సూపర్‌వైజర్, కళ్ళు తుడుచుకుంటూ.

పెద్దల్లుడు ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకున్నాడు.

"అత్తగారికి మీరే చెప్పండి సార్. వాణ్ణి చెప్పనివ్వకండి. వాడు నన్ను వెనకేసుకొచ్చి చెబుతాడు."