మాటదీపం

2081 నాటికి భీమవరంలో ఎవరైనా ఫోను చేసి "ఎలా ఉన్నారండీ?" అని అడిగితే, విన్నవాళ్ళు జవాబు చెప్పే ముందు ఫోను అంచున ఉన్న చిన్న దీపం వంక చూసేవారు. పచ్చగా వెలిగితే అడిగినవాడు మనసుపెట్టి అడిగాడని అర్థం. ఎర్రగా వెలిగితే అలవాటు కొద్దీ అనేశాడని. ఈ దీపం వచ్చాక "తప్పకుండా వస్తాం" అనే మాట శుభలేఖలకు జవాబుగా దాదాపు అంతరించిపోయింది. బీమా ఏజెంట్లు వేరే బతుకుతెరువు చూసుకున్నారు.

దాని అసలు పేరు శబ్దచిత్తమాపిని. ఇంగ్లీషువాళ్ళు వాయిస్ సిన్సియారిటీ మీటర్ అన్నారు. జనం నోట మాత్రం మాటదీపంగా స్థిరపడింది. కనిపెట్టింది భీమవరం మనిషే, డాక్టర్ పెన్మెత్స జశ్వంత్ గారు. మాట బయటికి రాకముందే గొంతులోని స్వరతంత్రులు రవ్వంత బిగుసుకుంటాయి. మనసు ఆ మాట మీద ఉంటే ఆ బిగింపు ఒక తీరు, ఇంకెక్కడో ఉంటే వేరొక తీరు. మాపిని ఆ తేడాను కొలుస్తుంది, అంతే. నిజమా అబద్ధమా అన్నది దానికి పట్టదు. ఎవరి ఫోనులోనైనా అవతలివాళ్ళ రంగే కనిపిస్తుంది. తన రంగు తనకు కనిపించదు. అది మనుషుల మీద దయతో చేసిన ఏర్పాటని జశ్వంత్ గారు చెప్పుకునేవారు.

వ్యాపారానికి ఈ దీపం ఒక కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. పరాయి దేశానికి వ్యాపారపు ఫోను చేస్తే, ఆ దేశపు భాషలో, ఆ దేశపు మర్యాదతో, మనిషి గొంతుతోనే ఆరంభించాలి. ఆరంభంలో ఏ వైపు నుంచి ఎరుపు పడినా లైను దానంతటదే తెగిపోతుంది. ఆరంభం గట్టెక్కితే తర్జుమా యంత్రం అందుకుంటుంది, ఆపైన ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకోవచ్చు. ఆరంభం కూడా యంత్రం చేతే చెప్పిద్దామని చూసిన తెలివైనవాళ్ళు లేకపోలేదు. యంత్రం మాటకు దీపం ఏ రంగూ వెలగలేదు, ఆరంభం లెక్కకు రాలేదు.

అలా పుట్టింది ఆరంభకుల వృత్తి. కడలి ఆర్ద్ర రష్యన్ భాషకు ఆరంభకురాలు. ముప్పై ఏళ్ళ మనిషి, గోదావరి జిల్లాల్లో ఆ పనిలో తనను మించినవాళ్ళు లేరని ఆమెకు గట్టి నమ్మకం, ఆ నమ్మకంలో తప్పు కూడా లేదు.

ఆమెకిప్పుడు పెద్ద పని పడింది. చెరువుల్లో రొయ్యలకు తెల్లమొప్ప తెగులు సోకింది. ఆమె అన్న నీలాద్రి చెరువుతో సహా చుట్టుపక్కల చెరువులన్నిటా రొయ్యలు చచ్చి తేలుతున్నాయి. మందు ఒక్కచోటే ఉంది. పసిఫిక్ తీరంలోని ఒక రష్యన్ పరిశోధనాలయం ఆ రోగక్రిమిని తినే సూక్ష్మజీవిభక్షిని, అంటే బాక్టీరియోఫేజ్‌ని, పెంచుతోంది. పంపమని చెప్పవలసింది దాని డైరెక్టరు అర్కాదీ సెమ్యోనవిచ్. ఆయనతో ఆరంభం గట్టెక్కినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. రైతుల సంఘం మొదట కాకినాడ నుంచి ఒక ఆరంభకుణ్ణి పిలిపించింది, లైను తెగింది. "నావన్నీ పచ్చేనండీ, ఆయనదే ఎరుపు" అని అతను మొత్తుకుంటే అందరితో పాటు ఆర్ద్ర కూడా నవ్వింది. మూడుసార్లు తెగితే ఆ నంబరు ఏడాదిదాకా పలకదు.

రెండో ప్రయత్నం ఆర్ద్ర వంతు. దీపం చేసిన మనిషి పక్కనుంటే మేలని అది జశ్వంత్ గారి ఇంటి వరండాలో జరిగింది. నీలాద్రి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేదని అతని ముఖమే చెబుతోంది.

"ఆరోగ్యంగా ఉండమని పలకరించాలి గదమ్మా వాళ్ళ పద్ధతిలో? ఆ మాట మనసులోంచి వస్తదా నీకు?" అని అడిగారు జశ్వంత్ గారు.

"భలేవారండీ తాతగారూ. ఆయన బాగుంటేనే గదా మన రొయ్యలు బతికేది? కోరుకోక చస్తానా?"

రష్యన్ వ్యాపార మర్యాదలో హలోలు, ఊసుపోక కబుర్లు ఉండవు. తిన్నారా, వాన పడిందా అని అడిగితే అవతలివాళ్ళు కంగారుపడతారు. మనిషిని తన పేరుకు తండ్రి పేరు చేర్చి పిలవాలి. ఆరోగ్యం కోరాలి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఫలానావాళ్ళమని ఒప్పుకోవాలి. మాట్లాడడానికి వీలవుతుందా అని అడగాలి. అవతలివాళ్ళు "వింటున్నాను" అంటే ఆరంభం అయినట్టు.

ఆర్ద్ర ఫోను అందుకుంది.

"జ్ద్రాస్త్వుయ్‌తె, అర్కాదీ సెమ్యోనవిచ్. వాస్ బెస్పకోయిత్ కడలి ఆర్ద్ర, భీమవరం రొయ్యల రైతుల సంఘం. వామ్ ఉదోబ్నొ గవరీత్?"

లైను తెగలేదు. అంటే తనవన్నీ పచ్చే. అవతల గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది.

"స్లూషయు వాస్," అన్నాడాయన. వింటున్నానని.

దీపం భగ్గున ఎర్రబడింది. లైను తెగిపోయింది.

ఆర్ద్రకు ఒళ్ళు మండిపోయింది. కాకినాడ అతన్ని చూసి నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది.

"పెద్దమనిషండీ ఈయన! వింటున్నానంటాడు, వినడు! మీ దీపం అబద్ధం చెప్తందా ఏంటి?"

ఏటేటా తెగిపోయే ఆరంభాలు పెరుగుతున్నాయని జశ్వంత్ గారికి తెలుసు. ఆరంభకులు సోమరులవుతున్నారని అందరిలాగే ఇన్నాళ్ళూ ఆయనా అనుకున్నారు.

"ఆయన ఆ మాట అనేటప్పుడు నువ్వేం చేస్తన్నావమ్మా?"

"దీపం చూస్తన్నానండీ."

"మరి నువ్వు మాట్లాడేటప్పుడు ఆయనేం చేస్తన్నట్టు?"

ఆర్ద్ర చేతిలోని దీపం వంక చూసింది.

"మామూలోళ్ళు ఓ కన్ను దీపం మీద, ఓ చెవి మాట మీద వేస్తారు," అన్నారు జశ్వంత్ గారు. "రోజంతా మందు కోసం బతిమాలేవాళ్ళే ఆయనకి. ఎవడు మోసం చేస్తాడో అని రెండు కళ్ళూ దీపానికే అప్పగించేసుంటాడు. ఇంక వినేదెక్కడ? దీపం నిజమే చెప్పిందమ్మా. నా బుద్ధే గడ్డి తింది."

నీలాద్రి అప్పుడు నోరు విప్పాడు. "ఇంకొక్కసారే ఉందండి. రేపటికి మా చెరువులో పట్టడానికి కూడా ఏం మిగలదండి."

"తువ్వాలు ఇలా ఇవ్వన్నయ్యా," అంది ఆర్ద్ర.

భుజం మీది తువ్వాలు తీసి అతను ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి దీపం మీద కప్పి మళ్ళీ ఫోను చేసింది. అవే మాటలు, అదే మర్యాద. వీలవుతుందా అని అడిగాక మాత్రం, ఆయన జవాబు చెప్పే లోపే రష్యన్‌లో ఇంకో మాట కలిపింది.

"అర్కాదీ సెమ్యోనవిచ్, నా దీపం మీద గుడ్డ కప్పాను. మీ రంగు నాకు కనిపించదు. మీరు కూడా ఒక్క క్షణం మీ దీపాన్ని చేత్తో మూయండి. తర్వాత చెప్పండి."

అవతల ఎవరో ఆగి ఊపిరి తీసుకున్నట్టు వినిపించింది. నీలాద్రి కళ్ళు మూసుకున్నాడు. జశ్వంత్ గారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

"స్లూషయు వాస్," అన్నాడాయన మెల్లగా.

ఏ రంగు వెలిగిందో ఎవరూ చూడలేదు. లైను మాత్రం తెగలేదు. తర్జుమా యంత్రం గొంతు సవరించుకుని రంగంలోకి దిగింది. ఆర్ద్ర తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. చెరువుల సంగతి, తెగులు సంగతి, అన్న సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆయన మధ్యలో ఆపలేదు.

"మందు ఈ సాయంత్రం విమానానికి ఎక్కిస్తాను," అన్నాడాయన చివర్లో. "ఒకటి చెప్పనా? ఒక మనిషి గొంతు పూర్తిగా విని చాలా కాలమైంది."

నీలాద్రి చెల్లెలి తల మీద చెయ్యి వేశాడు. మందు వచ్చింది, చెరువులు నిలిచాయి. దేశదేశాల ఆరంభకులు దీపం మీద గుడ్డ కప్పడం నేర్చారు. భీమవరం బజారులో అద్దాలు కుట్టిన దీపపు ముసుగులు అమ్మకానికి వచ్చాయి. జశ్వంత్ గారికి పదేళ్ళ వయసు తగ్గినట్టనిపించింది. తను చేసిన దీపాన్ని మనుషులు తమంతట తామే పక్కన పెట్టి ఒకరినొకరు నమ్ముకుంటున్నారని ఆయన పొంగిపోయారు.

ఆ పొంగు చల్లారకముందే ఎగుమతిదారుల సమాఖ్య అధ్యక్షుడు పూతరేకుల డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆర్ద్ర అప్పుడు అక్కడే ఉంది.

"అంతా బావుందండి డాక్టరుగారూ. ఒక్కటే చిన్న ఇబ్బందండి. మేం కప్పుతున్నాం, ఆయ్! అవతలోడు నిజంగా కప్పాడో లేదో మాకెలా తెలుస్తదండి? దానికో చిన్న దీపం పెట్టి పుణ్యం కట్టుకోండి."

జశ్వంత్ గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆర్ద్ర కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు, జవాబు కోసం కూర్చున్నాడు. కాసేపటికి నవ్వు ఆగింది. జశ్వంత్ గారు కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీది ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముసుగు అంచున ఓ సెన్సరు పెడితే సరిపోద్దనుకుంటా," అన్నారు.