కుంట అడుగున కొత్త బురద

ఆళ్లగడ్డ శివారు కుంట గట్టున గొర్రెల కాపరి బాలు శవం. పక్కనే అతని గొర్రెలు. ఒక్కటీ బతకలేదు.

కడుపులో ఎండోసల్ఫాన్ ఉందని పోస్ట్‌మార్టం తేల్చింది. ఏళ్ల కిందటే నిషేధించిన పురుగుమందు అది. భార్య వరలక్ష్మితో గొడవపడి తాగాడనీ, మిగిలింది కుంటలో పోశాడనీ రాసి ఎస్సై లోకేశ్ ఫైలు మూశాడు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని అత్తగారు వరలక్ష్మిని ఇంట్లోంచి గెంటేసింది.

వరలక్ష్మి అర్జీతో నంద్యాల ఎస్పీ ఆఫీసు దాకా వెళ్లాక, ఫైలు సీఐ భార్గవి చేతికి వచ్చింది. ఆ వాక్యం చదవగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

గంగమ్మ ఆగ్రహమని ఊళ్లో కొందరన్నారు. గంగమ్మ స్టేట్‌మెంట్ ఇవ్వదు కనుక భార్గవి కుంటనే విచారించింది.

"నీళ్లు టెస్ట్ చేయించాం మేడమ్. ఏమీ లేదు," అన్నాడు లోకేశ్.

"ఉండదు. ఈ మందు నీళ్లలో నిలవదు. బురదను పట్టుకుని అడుగున కూర్చుంటుంది. బురద తీశావా?"

లోకేశ్ కుంటలో నాలుగైదు చోట్ల బురద తీయించి ల్యాబ్‌కు పంపాడు.

ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజు ఆమె వరలక్ష్మినీ, లోకేశ్‌నూ, పక్కనే విత్తనాల గోడౌన్ నడిపే శేషయ్యనూ గట్టు మీదికి పిలిపించింది. శవం దొరికిన చోట బురదలో విషం తక్కువనీ, గోడౌన్ కాలువ కలిసే చోట విపరీతంగా ఉందనీ చెప్పింది.

శేషయ్య నవ్వాడు. "మా నాయన మందులు అమ్మేటప్పటిది మేడమ్. డ్రమ్ములు ఆ కాలువలోనే కడుగుతాండ్రి. పాత విషం."

"పాతదైతే బురదలోని సూక్ష్మజీవులు దాన్ని ఈపాటికి సల్ఫేట్‌గా మార్చేసేవి. ఇందులో సల్ఫేట్ కొద్దిగానే ఉంది. అసలు మందే ఎక్కువ."

"ల్యాబోళ్లు నూరు చెప్తారు. అడుగున పాత మట్టి అట్లనే ఉంటాది గదా."

"పాత మట్టి ఎక్కడుంది? పోయిన ఎండాకాలం పూడికంతా రైతులు పొలాలకు తోలుకున్నారు. గట్టి నేల తగిలేదాకా తవ్వింది నీ జేసీబీయే. అందుకు శాలువా కూడా కప్పించుకున్నావు."

భార్గవి శేషయ్య చేత తాళం తీయించింది. గోడౌన్ వెనక గదిలో, అడుగున ఇంకా మందు వాసన కొడుతున్న డ్రమ్ములు దొరికాయి. తనిఖీ వస్తుందన్న భయంతో దాచిన సరుకంతా కాలువలోకి వదిలానని అతను ఒప్పుకున్నాడు. మర్నాడు బాలు గొర్రెలతోపాటు ఆ కాలువ కలిసే చోటే దాహం తీర్చుకుని, గట్టు వెంట కొంత దూరం వచ్చి పడిపోయాడు.

ఆత్మహత్య అన్న మాట కొట్టేస్తున్నానని భార్గవి వరలక్ష్మికి చెప్పింది.

"కాయితంలో కొట్టేస్తే మా అత్తకు యాడ తెలుస్తాది మేడమ్? రాసిన ఆయప్పనే వచ్చి మా వీధిలో అందరి ముందరా చెప్పమను."

సాయంత్రం కానిస్టేబుల్‌ను పంపుతానని లోకేశ్ గొణిగాడు.

"నువ్వే. ఇప్పుడే," అంది భార్గవి. "జీపు వద్దు. ఆమె వెనక నడుచుకుంటూ వెళ్లు."