ఒక్కసారే వెలిగే సాక్షి

ఉదయం పదింటికి, తన ల్యాబ్‌లోనే, కాఫీ చల్లారకముందే ఫిజిక్స్ ప్రొఫెసర్ ప్రాణం పోయింది. కప్పులో విషం. పక్కనే "విసిగిపోయాను" అని ఒక చీటీ.

ఆ చీటీని ఏజెంట్ మొద్దు క్షణం కూడా నమ్మలేదు. రేడియేషన్‌ని దాచుకుని, వేడి చేస్తే వెలుగుగా కక్కే స్ఫటికాలతో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషికి విసుగంటే ఏమిటో తెలియదు. పైగా ఆయన మొద్దుకి మేనమామ. ఆ పేరు పెట్టిందీ ఆయనే. పదేళ్ల కిందట ఆయన దగ్గర పనిచేస్తూ మొద్దు, వెలుగుని కొలిచే ట్యూబ్ ఆన్ చేయకుండానే స్ఫటికాలను వేడి చేసి, ఆరు నెలల రీడింగులు గంగలో కలిపాడు.

"ఒరే మొద్దూ! ఇది ఒక్కసారే చెబుతుందిరా. నువ్వు వినకపోతే మళ్లీ చెప్పదు!" అని మామయ్య నెత్తీనోరూ బాదుకున్నారు. తర్వాత గూఢచారి శాఖలో చేరితే ఆ తిట్టే కోడ్‌నేమ్ అయింది.

మూడో రోజు పదకొండున్నరకి ల్యాబ్ పక్కగదిలో బ్రీఫింగ్.

"కింద హాల్లో పన్నెండింటికి సైంటిస్టుల మీటింగ్. విదేశీ ముఠా ప్రొఫెసర్ ల్యాబ్‌లో కొట్టేసిన రేడియోయాక్టివ్ సోర్స్‌ని బాంబుకి కట్టింది. హాల్ ఖాళీ చేస్తే రిమోట్ నొక్కేస్తారు. మన బండ్లు తప్ప అన్నీ వెతికాం," అన్నాడు చీఫ్.

"పోర్టు గోడౌన్‌లో ఉంది. టీమ్‌ని తీసుకుని నేనే వెళ్తా," అంది నెమలి. ముఠాలో చొరబడ్డ మన మనిషి. ఆమె నవ్వితే మీసాలున్న ఆఫీసర్లు కూడా ఫైళ్లు జారవిడిచేవారు.

మొద్దు నవ్వు చూడలేదు. మ్యాప్ మీద గీత గీస్తున్న ఎర్ర క్యాప్ పెన్ను చూశాడు. ఒళ్లు భగ్గుమంది. అది మామయ్య పెన్ను. చీటీ రాసి, అలవాటుగా బ్యాగులో వేసేసుకుంది!

"ఒక్క నిమిషం ల్యాబ్‌లోకి రా," అని పెన్ను అడిగి తీసుకున్నాడు.

"ఎవరో ఇచ్చారు," అంది, ఎక్కడిదని అడగకుండానే.

"మామయ్య తన పెన్నులన్నిటికీ క్యాప్‌లో స్ఫటికం పెట్టేవారు. ఎంత రేడియేషన్ తగిలిందో ఇదే చెబుతుంది. ఒక్కసారే."

స్ఫటికాన్ని మెషిన్‌లో పెట్టి హీటర్ వైపు తిరిగాడు. వెనక ట్యూబ్ హోరు ఠక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం అతనికి బాగా తెలుసు. పదేళ్ల కిందట అతని కొంప ముంచింది అదే.

తిరిగేసరికి తుపాకీ అతని చేతిలో ఉంది, ఆమె వేళ్లు ఇంకా స్విచ్ మీదే ఉన్నాయి.

"మెషిన్‌లో ఉన్నది ఉప్పు," అని గుప్పిట విప్పి అసలు స్ఫటికం చూపించాడు. ట్యూబ్ ఆన్ చేసి, దాన్ని పెట్టి వేడి చేశాడు. తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది.

"మూడు రోజులుగా సోర్స్ నీ పక్కనే ఉంది. మామయ్య ఐదు నిమిషాల్లో పోయారు. నీకు వారాలు పట్టొచ్చు. పట్టాలనే కోరుకుంటున్నా."

నెమలి మొహంలో నెత్తురుచుక్క లేదు. "సీల్ వేశామన్నారు... నా సీటు కిందే..."

"నీ కారెక్కడ?"

"హాల్ గోడ పక్కన."

ఆమెని టేబుల్‌కి బేడీలతో బిగించి, మెట్లు మూడేసి చొప్పున దూకాడు. కారు సీటు కింద బాంబు వైరు తెగేసరికి, పన్నెండింటికి పెట్టిన టైమర్ మీద మిగిలింది రెండు సెకన్లు.

చీఫ్ ఆయాసపడుతూ వచ్చాడు. "సాక్ష్యం ఉందా?"

"ఒక్కసారే చెబుతుంది సార్. చెప్పేసింది."

"కొంపదీసి, స్విచ్..."

"ఈసారి వేశాను సార్."